72 అంటే ఫస్ట్‌క్లాసు కాదు

"డెబ్భై రెండు వచ్చాయా? అయితే ఫస్ట్‌క్లాసేగా!" అన్నారు మా అత్తయ్య, నా చేతిలో రిపోర్టు కాయితం వంక చూస్తూ.

పాపం, ఆవిడ సంతోషం ఆవిడది. కొడుకు చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులన్నీ ఇప్పటికీ ట్రంకుపెట్టెలో దాచుకున్న మనిషి. ఆ ఆనందం చెడగొట్టడం ఇష్టంలేక ఓ నిమిషం ఊరుకున్నాను. కానీ చెప్పక తప్పలేదు.

"అవి మార్కులు కావత్తయ్యా. ఇందులో ఎంత ఎక్కువొస్తే అంత ఇబ్బంది ఉన్నట్టు."

"మరి పక్కన నలభై ఏడు అని ఉందేంటి?"

"అది ఆయన తన గురించి తను రాసుకుంటే వచ్చింది. ఈ డెబ్భై రెండు, నేను ఆయన గురించి రాస్తే వచ్చింది."

ఆవిడ మొహంలో రంగు మారిపోయింది. "అంటే, వాడేమో బాగానే ఉన్నానంటున్నాడు. నువ్వేమో బాగాలేడని రాసిచ్చి వచ్చావన్నమాట!"

ఆ మాటకి సరైన జవాబు నాకే తెలియడానికి ఇంచుమించు ఏడాది పట్టింది. ఇలాంటి కాయితం చేతికొచ్చినప్పుడు దాన్ని ఎలా చదువుకోవాలో ముందే ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంట్లో సగం గొడవలు తప్పేవి. అందుకే రాస్తున్నాను.

2022 నవంబరులో ఒకరోజు రాత్రి, చినుకులు పడుతుంటే, మావారు ఆఫీసు నుంచి బండి మీద వస్తూ జారి పడ్డారు. హెల్మెట్ ఉంది... అద్దానికి తగిలించి! తల వెళ్ళి డివైడర్‌కి కొట్టుకుంది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. మెదడు ముందు భాగంలో కొద్దిగా రక్తం గడ్డకట్టిందన్నారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, మాట బాగానే ఉంది. అందర్నీ పేరుపేరునా గుర్తుపట్టారు. గండం గడిచిందని చుట్టాలందరూ చెప్పి వెళ్ళారు. నేను కూడా కనకదుర్గమ్మకి మొక్కు తీర్చుకుని వచ్చాను.

అసలు కథ ఆ తరవాత మొదలైంది. పొద్దున్న పేపరు పట్టుకుంటే పదకొండింటికి చూసినా అదే పేజీ. "స్నానానికి లేవండి" అంటే లేస్తారు, బుద్ధిగా చేసి వస్తారు. అనకపోతే అలాగే కూర్చుంటారు. కరెంటు బిల్లు ఒక నెల రెండుసార్లు కట్టారు, తరవాతి నెల అసలు కట్టలేదు. ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడని మనిషి, ఇస్త్రీ అబ్బాయితో రెండు రూపాయల దగ్గర వీధంతా వినబడేలా గొడవపెట్టుకున్నారు. పక్కవీధిలో ఎవరో పోతే పరామర్శకి వెళ్ళి, అక్కడ జోకు వేసి నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆఫీసులో ఆయన పై అధికారి నన్ను విడిగా పిలిచి, "ఫైలు ముందు పెడితే చూస్తున్నారమ్మా. పెట్టకపోతే అడగడంలేదు" అన్నారు.

ఊళ్ళోవాళ్ళ మాట వేరే చెప్పాలా? దెబ్బ తగ్గిపోయింది, బద్ధకం మిగిలింది, పెళ్ళాం గారాబం ఎక్కువైంది... ఇలా.

2023 జూలైలో నరాల డాక్టరుగారు మమ్మల్ని విజయవాడలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఏలూరు నుంచి రైల్లో వెళ్ళివచ్చేవాళ్ళం. ఆ మేడం చేతిలో పెన్ను పట్టుకుని తన నుదుటిని చూపించి, "అమ్మా, మెదడులో ఇక్కడుండే భాగానికి పెత్తనం పని ఎక్కువ. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడల్లాంటిదనుకోండి. తను వండదు, తోమదు. కానీ ఏది ముందు, ఏది తరవాత, ఎవరితో ఎలా మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ చూసుకుంటుంది. ఆవిడ మంచం పడితే ఇంట్లో అందరూ ఉన్నా పనులు సాగవు చూడండి, అదే ఇది" అన్నారు. దీన్నే ఇంగ్లీషులో ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటారట.

(ఈ సంగతి వైద్యులకి చాలాకాలం నుంచీ తెలుసు. 1848లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఫినియాస్ గేజ్ అనే రైల్వే పనివాడి తలలోంచి ఇనప గునపం దూసుకుపోయింది. మనిషి బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ అతను మునుపటి మనిషి కాదని స్నేహితులు అన్నారని అతన్ని చూసిన డాక్టర్ హార్లో 1868లో రాశాడు. గమనించారా? ఆ తేడా చెప్పింది చుట్టూ ఉన్నవాళ్ళే!)

మేడం మొదట ఆయనకి బల్ల మీద చేసే పరీక్షలు పెట్టారు. అంకెల్ని, అక్షరాల్ని వరసగా గీతతో కలపడం, పూసల్ని తక్కువ ఎత్తుల్లో బొమ్మలో చూపినట్టు మార్చి పెట్టడం, అలాంటివి. దాదాపు అన్నీ బాగానే చేశారు. నా గుండె జారిపోయింది. బాగా చేస్తే సంతోషించాలి కదా అంటారేమో! కానీ ఎనిమిది నెలలుగా నేను చూస్తున్నదంతా నా భ్రమేనా అనిపించింది.

అప్పుడు మేడం ఇద్దరికీ చెరో ప్రశ్నల పుస్తకం ఇచ్చి, వేరువేరు గదుల్లో కూర్చోబెట్టారు. దాని పేరు బ్రీఫ్-ఎ. 2005లో అమెరికాలో పెద్దవాళ్ళ కోసం తయారుచేసింది. డెబ్భై అయిదు వాక్యాలుంటాయి. గత నెలరోజుల్లో ఫలానా ప్రవర్తన ఎంత తరచుగా సమస్యయింది: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా. ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి, రెండు, మూడు అని లెక్కేసి కూడతారు. ఆ కూడిక మొత్తాన్ని అదే వయసువాళ్ళు మామూలుగా తెచ్చుకునే మొత్తంతో పోల్చి ఒక అంకెగా మారుస్తారు. దాన్ని టి-స్కోరు అంటారు. అందులో సగటు మనిషిది 50. పది పాయింట్లు ఒక మెట్టు. 65, ఆ పైన వస్తే ఇక్కడ ఆగి చూడండి అని అర్థం. సుమారుగా చెప్పాలంటే నూరుమందిలో ఏడుగురికి మాత్రమే అంత వస్తుంది.

కాబట్టి 72 అంటే నూటికి డెబ్భై రెండు కాదు. మెదడు డెబ్భై రెండు శాతం పాడైందనీ కాదు. (మా ఆడపడుచు ఫోన్లో అలాగే అర్థం చేసుకుని ఏడ్చింది.) 72 అంటే ఫలానా మనిషి, ఫలానా నెలలో, ఈయన్ని చూసి చెప్పిన ఇబ్బందులు ఈ వయసువాళ్ళలో మామూలుగా కనిపించేదానికంటే బాగా ఎక్కువ అని. అంతే. అది జబ్బు పేరు కూడా కాదు. పేరు పెట్టడం డాక్టర్ల పని. అందుకు వాళ్ళకి స్కాను, పాత చరిత్ర, మనిషితో మాట్లాడటం, ఇవన్నీ కావాలి.

సరే, ఆయన 47, నేను 72. ఇద్దరిలో అబద్ధం ఎవరిది?

రిపోర్టు ఇంట్లో అందరూ చూశాక నా మీద పడిన నింద ఇదే. భర్త మీద మొగుడూపెళ్ళాల కోపమంతా కాయితం మీద పెట్టానని. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల భయం ఉంది. ఆ ఫారం నింపడానికి ముందురోజు రాత్రే ఆయన మా అమ్మాయి మీద, జడ వేసుకోవడం ఆలస్యం చేసిందని, ప్లేటు విసిరేశారు. ఆ కోపం నా పెన్నులోకి దిగలేదని ఎలా అనగలను? రెండోసారి వెళ్ళినప్పుడు మేడంతో ఈ మాట చెప్పేశాను.

ఆవిడ నవ్వి, "ఆ అనుమానం ఈ ప్రశ్నలు తయారుచేసినవాళ్ళకీ ఉందమ్మా" అన్నారు. మరీ ప్రతిదానికీ చెడే రాస్తున్నారా, ఒకే రకం ప్రశ్నకి ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాస్తున్నారా, ఎవరూ సాధారణంగా రాయని జవాబులు రాస్తున్నారా అని కనిపెట్టే లెక్కలు లోపలే ఉన్నాయట. ముందు అవి చూశాకే అసలు అంకె చూడాలట. నావి హద్దుల్లోనే ఉన్నాయి. "అయినా ఒక్కరి మాట మీద నేను నిలబడను. ఆయన్ని రోజూ చూసే ఇంకొకరిని తీసుకురండి" అన్నారు.

పైవాటాలో ఉండే మా మరిది వచ్చాడు. అన్నగారంటే ప్రాణం. అతను నింపితే 64 వచ్చింది.

"చూశావా అమ్మాయ్, అరవై అయిదు దాటలేదు!" అన్నారు అత్తయ్య. నాకూ ఒక్కక్షణం నీరసం వచ్చింది. ఒక్క మార్కు తేడాతో తప్పిపోయినవాళ్ళ బాధ మనకి తెలిసిందే కదా. కానీ మేడం ఆ 64ని చూసి తల ఊపారు. ఇలాంటి కొలతల్లో నాలుగైదు పాయింట్లు అటూఇటూ ఊగుతూనే ఉంటాయట. అదే మనిషి వచ్చేవారం నింపినా సరిగ్గా అదే అంకె రాదు. 64కీ 65కీ మధ్య గోడేమీ లేదు. జ్వరం 99.9 ఉంటే లేనట్టూ, వంద ఉంటే ఉన్నట్టూ అనుకుంటామా?

ఆ తరవాత ఆవిడ చేసిన పని నాకు బాగా నచ్చింది. మొత్తం అంకెని పక్కనపెట్టి, లోపలి భాగాలు తీశారు. ఈ ప్రశ్నలు తొమ్మిది గుంపులట. తొందరపాటు ఆపుకోవడం, ఒక విషయం నుంచి ఇంకో విషయానికి మళ్ళడం, కోపతాపాల అదుపు, తన తీరు ఎదుటివాళ్ళకి ఎలా ఉందో గమనించుకోవడం, ఈ నాలుగూ ఒకవైపు. పని మొదలుపెట్టడం, చెప్పింది బుర్రలో నిలుపుకోవడం, ముందస్తుగా ప్లాను వేసుకోవడం, చేస్తున్న పనిలో తప్పులు చూసుకోవడం, వస్తువులు సర్దుకోవడం, ఈ అయిదూ ఇంకోవైపు. నాది, మా మరిదిది రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించారు. నా గీత ఎత్తులో ఉంది, అతనిది కిందుంది. కానీ రెండూ లేచింది ఒకేచోట్ల! పని మొదలుపెట్టడం దగ్గర, తన తీరు గమనించుకోవడం దగ్గర. ఇద్దరం సంప్రదించుకోకుండా ఒకే కొండ గీశాం.

"ఎత్తు కంటే ఈ ఆకారం నాకు ముఖ్యం. మీరు ఇరవైనాలుగ్గంటలూ చూస్తారు, ఆయన సాయంత్రం గంటసేపు చూస్తారు. ఎత్తులో తేడా ఉండదా మరి?" అన్నారావిడ.

వస్తువులు సర్దుకోవడం దగ్గర మాత్రం నా గీత ఆకాశాన్నంటింది. మేడం పెన్సిల్ ఇచ్చి, "ఇందులో దెబ్బ తగలకముందు కూడా ఉన్నవి ఏవో టిక్కు పెట్టండి" అన్నారు. తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడం, విప్పిన చొక్కా కుర్చీకి, సాక్సు సోఫా కిందకి... అన్నిటికీ టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఆవిడ పడీపడీ నవ్వారు. "ఇవి తల దెబ్బ కాదమ్మా, అత్తగారి పెంపకం!" (ఈ ముక్క ఇంట్లో చెప్పలేదు.) నవ్వులాటకి అన్నా, అసలు విషయం ఉంది అందులో. ఈ కొలతకి సగటు 50 అని లెక్కగట్టింది అమెరికావాళ్ళని చూసి. మన ఇళ్ళలో మగాడి బీరువా ఎవరు సర్దుతారో, డబ్బా ఎవరు కడతారో మనకి తెలుసు. అందుకే అంకెని అంకెగా తీసుకోకుండా, ముందెలా ఉండేవారు, ఇప్పుడెలా ఉన్నారు అన్న తేడాతో కలిపి చదవాలన్నారు.

ఇక ఆయన 47 సంగతి. నేను చాలారోజులు ఆయన కావాలనే దాస్తున్నారనుకున్నాను. మేడం నన్ను వరసగా అడిగారు. గ్యాసు ఎవరు బుక్ చేస్తున్నారు? నేను. బిల్లులు? ఆ రెండు నెలల గొడవయ్యాక నేనే. ఆఫీసుకి టైముకి ఎవరు పంపుతున్నారు? నేను. ఇస్త్రీ అబ్బాయికి ఎవరు సర్దిచెప్పారు? నేనే, తరవాతి రోజు వెళ్ళి.

"మరి ఫారంలో అడిగింది ఏమిటి? సమస్య అయిందా అని. ఆయన వరకు ఏదీ సమస్య కాలేదు. అయ్యేలోపు మీరు అందుకున్నారు. ఆయన ఉన్నదున్నట్టే రాశారమ్మా" అన్నారు.

ఇంటికొచ్చేదాకా రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఎనిమిది నెలలుగా ఆయన నుదుటి వెనక చెయ్యాల్సిన పని నేను బయట నుంచి చేస్తున్నాననీ, అందుకే ఆయనకి అద్దంలో లోపం కనబడటం లేదనీ నాకు తట్టనే లేదు. దానికితోడు, తన తప్పు తను గమనించుకునే పనీ దెబ్బ తగిలిన ఆ భాగానిదేనట. కొలిచే గరిటే వంకరపోతే కొలత ఎలా తెలుస్తుంది?

బల్ల మీద పరీక్షల సంగతీ అలాగే తేలింది. నిశ్శబ్దంగా ఉన్న గది, ఎదురుగా ఒక మనిషి, "ఇప్పుడు ఇది చెయ్యండి, మొదలుపెట్టండి" అంటారు. మొదలుపెట్టడమే రాని మనిషికి అక్కడ మొదలు వాళ్ళే పెట్టారు! ఈ తేడా మా ఇంట్లోనే కాదు. 2013లో టాప్లాక్, వెస్ట్, స్టానోవిచ్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు పోగేసి చూస్తే, గదిలో పెట్టే పరీక్షలకీ, ఇలాంటి ప్రశ్నల ఫారాలకీ పొంతన చాలా తక్కువగా ఉందట. ఒకటి నిజం, రెండోది అబద్ధం అని కాదు, రెండూ వేరువేరు సంగతులు చెబుతాయని వాళ్ళ అభిప్రాయం. ఒకటి చెయ్యగలరా అని చూస్తుంది, రెండోది రోజూ చేస్తున్నారా అని అడుగుతుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో నాకూ మతిమరుపు మొదలైంది. పాలు పొంగించడం, తాళాలు పారేసుకోవడం. సగం రాసిన కథ రెండు నెలలు ముట్టుకోలేదు. నాకూ ఏదో వచ్చిందని భయపడి నా ఫారం నేను నింపాను. 66! ఏడుపొక్కటే తక్కువ. మేడం ఆ అంకె జోలికే పోలేదు. "రోజుకి ఎన్నిగంటలు పడుకుంటున్నారు? ఆకలి ఎలా ఉంది? ఆఖరుసారి ఎప్పుడు నవ్వారు?" అని అడిగారు. నిద్ర లేకపోయినా, దిగులు పట్టినా, ఆందోళన ఉన్నా మన గురించి మనం రాసుకునే అంకె పైకి పోతుందట. నా అంకె వెనకున్నది మెదడుకి దెబ్బ కాదు, ఎనిమిది నెలల అలసట. రాత్రుళ్ళు అమ్మాయి తోడుగా పడుకోవడం, వారంలో రెండు పూటలు అత్తయ్య వంట... ఇలాంటి ఏర్పాట్లతో నా తలుపు తాళాలు వాటంతటవే దొరకడం మొదలుపెట్టాయి.

మీలో ఎవరికైనా ఇలాంటి అంకె వస్తే, దాన్ని పట్టుకుని మీకు మీరే జబ్బు అంటగట్టుకోకండి. అలాగే తక్కువ అంకె వచ్చిందని ఇంట్లోవాళ్ళ మాట కొట్టిపారెయ్యకండి.

ఆయన విషయంలో మేడం చెప్పినవి చిన్నచిన్న పనులే. ఫ్రిజ్ పక్కన ఒక తెల్లబోర్డు. దాని మీద రోజుకి మూడే పనులు, ఆయన చేతిరాతతోనే. ఫోన్లో అలారం మోగాలి, నేను మోగకూడదు. మరిచిపోతే మరిచిపోనివ్వాలి, ప్రమాదం లేనంతవరకు. ఇదే నాకు అన్నిటికంటే కష్టమైంది. ఒక వారం ఇస్త్రీ బట్టలు తేవడం మరిచిపోయి, నలిగిన చొక్కాతో ఆఫీసుకి వెళ్ళారు. గుమ్మం దగ్గర నిలబడి పళ్ళు కొరుక్కున్నానే గాని పలకలేదు. సాయంత్రం వచ్చి, "బోర్డు మీద ఉంది. నేనే చూళ్ళేదు" అన్నారు. ఆ మాట నేను దెబ్బ తగిలిన తరవాత మొదటిసారి విన్నాను.

2024 ఫిబ్రవరిలో మళ్ళీ ఇద్దరికీ ఫారాలు ఇచ్చారు. నాది 72 నుంచి 65కి దిగింది. ఆయనది 47 నుంచి 59కి పెరిగింది.

"పెరిగిందా! ఇంత డబ్బు పోసి తిరిగితే వాడికి ఇంకా ఎక్కువైందా?" అని అత్తయ్య లబలబలాడారు. ఈసారి నాకు జవాబు తెలుసు. ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను. "ఎక్కువవలేదత్తయ్యా. ఉన్నది ఆయనకిప్పుడు కనబడుతోంది. కిందటిసారి మా ఇద్దరి మధ్యా ఇరవై అయిదు తేడా. ఇప్పుడు ఆరే." ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. తరవాత రిపోర్టు కాయితం నా చేతిలోంచి తీసుకుని, ప్రోగ్రెస్ కార్డులున్న ట్రంకుపెట్టెలో పెట్టారు.

ఆ రోజు ఫారాలు నింపుతున్నప్పుడు జరిగిన ఒక్క ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. పక్కగదిలోంచి ఆయన తలుపు తీసుకుని వచ్చి, పెన్ను పట్టుకుని నా ముందు నిలబడ్డారు.

"ఏమేవ్, ఇదిగో ఈ కోపం ప్రశ్న ఉంది చూడు. దీనికి 'అప్పుడప్పుడు' పెట్టనా, 'తరచుగా' పెట్టనా? అమ్మాయిని అడిగితే ఏమంటుంది?"

"చెప్పకూడదండీ. మీరే పెట్టాలి" అన్నాను, నా ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆయన కాసేపు అక్కడే నిలబడి ఆలోచించి, తిరిగి తన గదిలోకి వెళ్ళారు.